సముద్రం తిరిగి ఇవ్వడం నేర్చుకున్న కథ

ఒకప్పుడు సముద్రానికి తిరిగి ఇవ్వడం తెలియదు. మరీ దేవతలు భూమ్మీద తిరిగిన కాలం కాదర్రా, ప్లాస్టిక్ కవర్లు కొత్తగా వచ్చిన కాలం. అప్పట్లో అలలు ఒడ్డుకు ఒట్టి చేతులతో వచ్చేవి. ఎవరేం ఇచ్చినా పట్టుకెళ్లి లోపల దాచుకునేవి. బిడ్డలిచ్చినదాన్ని వద్దనడం ఏ తల్లికి చేతనవుతుంది?

ఆ ఒడ్డున జాలరిపేటలో నూకాలు ఉండేది. ఒకరోజు ఆమె మొగుడు దానయ్య చేపల వేటకు వెళ్లాడు. ఇంతలో పెనుగాలి లేచింది. పడవలన్నీ తిరిగొచ్చాయి, దానయ్య పడవ మాత్రం రాలేదు.

నూకాలు పసుపు, కుంకుమ, గాజులు తీసుకుని ఒడ్డుకు పరిగెత్తింది. ఊరికే వేస్తే పసుపు అమ్మను చేరకుండానే కరిగిపోతుందని భయపడింది. అన్నీ ఒక తెల్ల కవర్లో పెట్టి, రెండు ముళ్లు బిగించి నీళ్లలోకి విసిరింది.

"గంగమ్మ తల్లీ, నా పెనిమిటిని ఒడ్డుకు సేర్సమ్మా!"

అల ఆ కవర్ని భద్రంగా లోపలికి తీసుకెళ్లింది. గాలి తగ్గింది. సాయంత్రానికి దానయ్య వచ్చేశాడు. పేటంతా సంతోషించింది.

సముద్రంలో గాజులు కవర్ని చీల్చుకుని అడుగుకు జారిపోయాయి. పసుపు కరిగింది. కవరు మాత్రం కరగలేదు.

కడుపునిండా గుడ్లతో ఒక తాబేలు ఆ దారినే ఒడ్డుకు వస్తోంది. తెల్లగా ఊగుతున్న కవర్ని చూసి జెల్లీచేప అనుకుంది. పాపం, ఆకలి మీదుంది. గబుక్కున మింగేసింది. కవరు గొంతుకు అడ్డం పడింది.

"ఏం తిన్నావు బిడ్డా?" అని సముద్రం కంగారుగా అడిగింది.

"నీ దగ్గర దొరికిందే తిన్నానమ్మా," అంది తాబేలు.

ఆ మాటకు సముద్రం నిలువునా వణికింది. తాబేలును అలల మీద మోసుకుంటూ ఒడ్డుకు చేర్చింది.

అక్కడ నూకాలు చేపలు ఎండబెడుతోంది. తాబేలు నోట్లోంచి వేలాడుతున్న తెల్లటి కొసను చూసి మెల్లగా లాగింది. చివర రెండు ముళ్లు బయటికొచ్చాయి. తన ముళ్లే! నూకాలు గుండెలు బాదుకుంది.

"నా మొగుడి పేనం అడిగి, నీ పేనం మీదకి తెచ్చినానే తల్లీ!"

"ఏడవకు. నాకు సత్తువ లేదు, ఇసుక తవ్వు," అంది తాబేలు.

నూకాలు రెండు చేతులా తవ్వింది. తాబేలు ఆ గుంటలో గుడ్లన్నీ పెట్టింది. ఆఖరి గుడ్డు పడ్డాక మెడ వాల్చేసింది. మళ్లీ లేవలేదు.

పేట జనమంతా అక్కడికి చేరారు. పెద్దాయన ఎర్రయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇకమీదట మన పేటలోకి కవరు రాకూడదు. బేరానికైనా వొద్దు, మొక్కుకైనా వొద్దు. ఇది కట్టుబాటు!"

నూకాలు నీళ్ల దగ్గరికెళ్లి ఆ మాట సముద్రానికి చెప్పింది.

"మంచి మాటే," అంది సముద్రం. "కానీ ఇన్నాళ్లూ మీరిచ్చినవన్నీ నా కడుపులోనే ఉన్నాయి. వాటిలో ఏది తిండో, ఏది చావో నా బిడ్డలకు తెలియదు. మీకు తెలుసు. నేను తెచ్చిస్తాను, మీరు తీసుకుంటారా?"

"తే తల్లీ," అంటూ నూకాలు కొంగు పట్టింది.

అప్పటినుంచే అలలు ఏదో ఒకటి తెచ్చి మన కాళ్ల దగ్గర పెడుతున్నాయి. వంగి తీసుకుంటే సరే. తీసుకోకపోతే దాన్నే లోపలికి పట్టుకెళ్లి, మళ్లీ తెస్తాయి. అలా వెళ్లి వచ్చేలోపే ఏదో ఒక తాబేలుకు ఆకలేస్తుంది.