హైమ సర్దిన జోలపాటలు

కూర్మాచార్యులుగారికి ఒక అలవాటుండేది. శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, జోలపాట ఎక్కడ వినపడితే అక్కడ కూర్చుని రికార్డు చేసుకొచ్చి, కంప్యూటరు తెర మీద ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పడేసేవారు. పాటకు పేరు పెట్టేవారు కాదు. యంత్రం వేసిన అంకెలే దాని పేరు. తెర వెనక సముద్రం బొమ్మ ఒకటి ఉండేదట. ఐకన్లు కమ్మేసి ఒక్క అల కూడా కనపడేది కాదు.

ఆయన దగ్గర పాట నేర్చుకునే హైమకు ఆ తెర చూస్తేనే తల తిరిగేది. "గురువుగారూ, తెర ఇలా చిందరవందరగా ఉంటే మంచిదా, సర్ది పెట్టుకుంటే మంచిదా?" అని ఒక ఉదయం అడిగేసింది. ఆయన నవ్వి, "సర్ది చూడమ్మా" అని స్నానానికి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి హైమ ఒక్కటంటే ఒక్క పాట తెరిచి వినకుండా, అన్నిటినీ సంవత్సరాలవారీగా ఫోల్డర్లలోకి తోసేసింది. సముద్రం బయటపడింది. ఇల్లు ఊడ్చి ముగ్గు పెట్టినంత హాయిగా అనిపించిందామెకు.

ఆ మధ్యాహ్నమే సన్నెమ్మ వచ్చింది. గురువుగారు ఒకప్పుడు ఈవిడ చేత పాడించుకున్నారు.

"బాబూ, మా మనవరాలికి పాప పుట్టింది. ఏటి సేసినా నిద్రోదు. మాయమ్మ పాట పాడదామంటే మొదలు తప్ప మజ్జిలోది రాటం నేదు. నీ కాడుంది గదా, ఓపాలి ఇనిపించు. నాను పోతే ఆ పాట కూడా నాతోనే పోద్ది" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

హైమ ఉత్సాహంగా ముందుకు జరిగింది. "ఏ సంవత్సరం పాడావు మామ్మా?"

"నాకేటి తెలుసమ్మా? బయట వాన. మజ్జిలో మేకపిల్ల అరిసింది. అంతే గురుతు."

వానకూ మేకపిల్లకూ హైమ దగ్గర ఫోల్డరు లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. గురువుగారు మాత్రం "మొదటి నుంచీ పెట్టు, విందాం" అని చాప మీద చతికిలబడ్డారు.

పాటలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే మోగసాగాయి. జోలపాటలాయె, వాటి పని అవి మొదలుపెట్టేశాయి. ముందు సన్నెమ్మ గోడకు చేరగిలబడి కునుకు తీసింది. తర్వాత గురువుగారి గడ్డం ఛాతీ మీదికి వాలింది. నేనైనా మెలకువగా ఉండాలి అనుకుంటూనే హైమ ఆ గొంతుల్లోకి జారిపోయింది. ఎవరెవరి తల్లులో ఆమెను ఒడిలోంచి ఒడిలోకి అందుకుంటున్నారు. సముద్రం మీద సన్నగా వాన పడుతోంది. నీళ్ల మీద తడవకుండా నిలబడ్డ తెల్లటి మేకపిల్ల ఒకటి ఆమె వైపు తిరిగి అరిచింది.

హైమ దిగ్గున లేచింది. అప్పటికి వేరే పాటేదో నడుస్తోంది. ఒక్కో పాటా వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లింది. వాన చప్పుడు వినపడింది. ఆ చప్పుడులోంచి, ఇంకా బిగువు తగ్గని సన్నెమ్మ గొంతు. మధ్యలో మేకపిల్ల. గోడ దగ్గర ముసలామె కళ్లు తెరవకుండానే ఆ గొంతుతో గొంతు కలిపింది. మరిచిపోయిన చోట ఆగలేదు. హైమకు ఏడుపొచ్చింది.

పాట అయ్యాక, "దీన్ని ఎక్కడ పెట్టమంటారు గురువుగారూ?" అని మెల్లగా అడిగింది.

"నిద్రపట్టేదాకా విన్నావుగా. ఇక ఎక్కడ పెట్టినా దొరుకుతుంది" అని ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.