కాకి ముట్టని తవుడుముద్ద

ఏటిగట్టు దిగితే ఒక పశువుల కొట్టం. అందులో మైలన్న, పుల్లన్న అని ఇద్దరు అన్నదమ్ములు, కాడెద్దులు. దాపట, అంటే కాడికి ఎడమపక్క, మైలన్న. కుడిపక్క పుల్లన్న. తొమ్మిదేళ్ళు అలాగే దున్నారు. తర్వాత మైలన్న జబ్బుపడి నాలుగు నెలలు లేవలేదు. పుల్లన్నే నోటితో గడ్డి తెచ్చి పెట్టాడు, తోకతో ఈగలు తోలాడు, అన్న మూలిగినప్పుడల్లా లేచి చూశాడు. చివరికి మైలన్న పోయాడు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ, ముసలి కపిలమ్మ, గోడవైపు తిరిగి పడుకుంది. పుల్లన్నకి చాకిరీ తగ్గలేదు, పడుకున్నవాళ్ళు మారారంతే.

పరామర్శకి వచ్చేవాళ్ళకి మాత్రం లోటులేదు. పక్క కొట్టం గేదె నల్లమ్మ రోజుకి రెండుసార్లు వచ్చేది.

"అమ్మ తిందా?"

"రెండు పరకలు తింది పిన్నీ."

"రెండు పరకలేం సరిపోతాయిరా? దగ్గరుండి పెట్టు. ఒళ్ళు నాకు. పక్కనుంచి కదలకు."

ఇంత చెప్పి, కపిలమ్మ వదిలేసిన గడ్డి పాడైపోతుందని తనే నమిలేసి వెళ్ళేది. మేకపోతు గడ్డప్ప కూడా వచ్చేవాడు. గడ్డం ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల పురోహితం ఆయనదే. ఆయనా "అమ్మ జాగ్రత్త" అనేవాడు, వెళ్ళేవాడు.

పుల్లన్నని పలకరించింది కాకి కాశన్న ఒక్కడే. పిడుదులు ఏరుకు తినడానికి రోజూ వాడి వీపెక్కుతాడు కదా, సంగతి వీపే చెప్పింది.

"బావా, ఇదివరకు నీ మీద కూర్చుంటే పరుపు మీద కూర్చున్నట్టుండేది. ఇప్పుడు నిచ్చెన మీద కూర్చున్నట్టుంది."

"నాకేంరా, ఎద్దుని."

"ఎద్దువే. పక్కటెముకలు బయటేసుకుని తిరిగే ఎద్దువి. పిడుదులు కూడా నిన్నొదిలి నల్లమ్మ దగ్గరకి వలసపోతున్నాయి, తెలుసా?"

"నాకేం కాలేదన్నానా!" అని పుల్లన్న తోక విసిరాడు. కాకి ఎగిరి దూలం మీద వాలాడు.

ఆ దూలం మీంచి కాశన్న ఇంకా చాలా చూశాడు. కాలవకి వెళ్ళేటప్పుడు పుల్లన్న ఇప్పటికీ దారికి కుడిపక్కనే నడుస్తాడు, ఎడమపక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి. మొన్నటికి మొన్న "తింటే తిను, లేకపోతే మానెయ్!" అని తల్లి మీద అరిచి, గడ్డివాము వెనక్కి పోయి ముఖం దాచుకున్నాడు. ఇలాగే ఇంకో పదిరోజులు గడిస్తే ఈ కొట్టంలో మరో కర్మ తప్పదని కాకికి అర్థమైంది. చెబితే వినే రకం కాదు. ఎద్దు కదా.

మైలన్న పోయిన పదో రోజు వచ్చింది. మనుషులు చేసేది గోడమీంచి చూసి నేర్చుకున్న గడ్డప్ప, తవుడులో బెల్లం కలిపించి, ముద్ద చేయించి, మోదుగాకు మీద పెట్టించాడు. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, అదేమిటో తెలుసుకుని అందరిముందూ మాటివ్వాలి.

కాశన్న సంగతి అందరికీ తెలుసు. ఆకు పరిచేలోపే ముక్కు పెట్టే రకం. అలాంటివాడు ఆ రోజు గోడమీద వాలి, ముద్దవైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు.

"కోరిక మిగిలిందిరోయ్! మాటివ్వు, మాటివ్వు!" అని కంగారుపడ్డాడు గడ్డప్ప.

పుల్లన్న ముందుకొచ్చి తలవంచాడు. "అన్నా, అమ్మని కంటికి రెప్పలా చూసుకుంటాను."

కాకి ఓ అడుగు వెనక్కి గెంతాడు.

"పడుకోకుండా కాపలా కాస్తాను."

ఇంకో అడుగు వెనక్కి.

"నా మేత కూడా అమ్మకే పెడతానన్నా!"

కాకి ఏకంగా గోడ చివరికి పోయాడు. పొద్దెక్కింది. బెల్లం వాసనకి చీమలు బయల్దేరాయి. కాశన్నకి నోరూరుతోంది, కడుపులో పేగులు అరుస్తున్నాయి, అయినా బిగబట్టుకున్నాడు.

అప్పుడు గోడవైపు తిరిగి ఉన్న కపిలమ్మ ఇటు తిరిగింది. పదిరోజులకి నోరు విప్పింది.

"ఒరే పుల్లా, కాడి దింపి కుడితి తొట్టి దగ్గరకి వెళ్ళగానే మీ అన్న ఏమనేవాడు?"

"ముందు నువ్వు తాగరా... అనేవాడమ్మా."

"మరి ఆ ఎదవ ఇప్పుడు నీ మేత మానమంటాడంటావా?"

అంతే, ఎద్దు ఆకు ముందు చతికిలబడ్డాడు.

"నా వల్ల కావట్లేదన్నా. కునుకు లేదు. కాళ్ళు నిలబడట్లేదు."

కాకి ఓ అడుగు ముందుకేశాడు.

"అమ్మ మీద అరిచాను."

ఇంకో అడుగు.

"నువ్వు పోయిన పూట... ఇక రాత్రులు లేవక్కర్లేదు కదా అని ఒక్క క్షణం హాయిగా అనిపించిందన్నా. అప్పటినుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను."

కపిలమ్మ మెల్లగా లేచి వచ్చి వాడి నుదురు నాకింది. "నాకూ అనిపించిందిరా" అంది.

కాశన్న ఆకు పక్కన వాలాడు. "తింటాను. పడుకుంటాను" అని పుల్లన్న మాటిచ్చాడు. అయినా కాకి ముట్టలేదు. మెడ తిప్పి నల్లమ్మని చూశాడు. తర్వాత గడ్డప్పని చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

నల్లమ్మ ఇబ్బందిగా కదిలింది. "నావైపు చూస్తాడేంటీ? సరేలే... పొద్దుటిపూట కపిలక్క దగ్గర నేనుంటాను."

"గడ్డి?" అన్నట్టు కాకి తల వంచాడు.

"ముట్టుకోనయ్యా, ముట్టుకోను!"

గడ్డప్ప గడ్డం దువ్వుకుని, మధ్యాహ్నం తనదని ఒప్పుకున్నాడు. అందరిముందూ ఇచ్చిన మాట, పైగా పురోహితుడాయె, తప్పించుకునే దారి లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో కాశన్న ముద్దలో ముక్కు దించాడు. చీమలతో సహా ఖాళీ చేశాడు.

పుల్లన్న కడుపునిండా తిని నాలుగు కాళ్ళూ చాపి పడుకున్నాడు. మర్నాడు పొద్దెక్కినా లేవకపోతే నల్లమ్మ కంగారుపడి ముక్కు దగ్గర చెవి పెట్టింది. గురకకి అదిరిపడి వెనక్కి గెంతింది. అది చూసి కపిలమ్మ నవ్వింది. నవ్వాక ఆకలేసింది.

లేచాక పుల్లన్న వీపుమీది కాకిని అడిగాడు.

"కాశన్నా, నిజం చెప్పు. నిన్న నిన్ను ముట్టనివ్వకుండా ఆపింది మా అన్నేనా, లేక నువ్వే నాటకమాడావా?"

"బావా, నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగుదువు. బెల్లం కలిపిన ముద్ద ఎదురుగా పెట్టుకుని, పూటంతా నోరు కట్టుకునే కాకినా నేను? మీ అన్నే ఆపి ఉంటాడు."

ఎద్దుకి అది నిజమే అనిపించింది.

పరామర్శకి వెళితే పడుకున్నవాళ్ళనే కాదు, పక్కన నిలబడ్డవాళ్ళనీ "నువ్వు తిన్నావా?" అని అడగాలి.