కందిపప్పు చెప్పిన సాక్ష్యం

ఒకప్పుడు, భూమిలోని నీళ్ళన్నిటికీ ఒకటే రుచి. ఉప్పు కలిసినా నాలుకకు తెలిసేది కాదు. ఏ బావి మంచిదో, ఏ బావి చెడ్డదో ఎవరికీ అంతుపట్టేది కాదు.

కంపలమెట్ట జనం నీళ్ళు తేటగా ఉంటే చాలనుకున్నారు. బావిలో వేసిన రాయి అడుగున కనబడితే కుండలు ముంచేవారు. అలా ఒక బావి నీళ్ళు ఏడేళ్ళు తాగారు. పిల్లల మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఉల్లి మడులు మొలకలోనే మాడిపోయాయి.

బావులు తవ్వే ఓబులమ్మ మరో రెండు తవ్వింది. ఒకటి గుట్ట పక్కన, ఒకటి వంక పక్కన. రెండింటా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తాగడానికీ ఉల్లికీ ఏది, మొండి పైరు జొన్నకు ఏది? ఆమే తేల్చాలి. ఈసారీ తప్పితే ఊరు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆమె మనవరాలు మారెక్కకు అప్పటికే మోకాళ్ళు వంగడం లేదు.

“నీళ్ళకు నోరుందా వదినా, అడిగితే చెప్పడానికి?” అని ఊరిపెద్ద సుంకన్న ఎకసెక్కమాడాడు.

“లేదని నువ్వు అడిగి చూశావా?” అని ఓబులమ్మ తాడు పట్టుకుని వంక బావిలోకి దిగింది.

అడుగుకు చేరేసరికి ఆకాశం జల్లెడంత అయింది. రాతికి చెవి ఆనించింది. ముందు తన గుండె చప్పుడే వినబడింది. తర్వాత నీటి నడక వినబడింది. తాతల నాటి వాన ఇంకా నడుస్తూనే ఉంది, చీమకన్నా నెమ్మదిగా, రాతి సందుల్లోంచి. దారిలో ప్రతి రాయీ “నాదీ కాస్త తీసుకుపో” అంటోంది. సున్నపురాయి సున్నమిచ్చింది. చౌడు పొర ఉప్పిచ్చింది. నీరు ఎవరినీ కాదనలేదు.

ఓబులమ్మ రాతి మీంచి చెవి తీసింది. ఇంత దూరం నడిచి వచ్చినదాన్ని ఇన్నేళ్ళూ గుంటలో నీళ్ళనుకుంది. రెండు చేతులూ జోడించింది.

“తల్లీ, ఏమేం మోసుకొచ్చావో చెప్పు. నా మనవరాలు తాగాలి.”

“మోయడమే తెలుసు, చెప్పడం రాదు. నాలో మునిగినవాళ్ళను అడుగు” అంది నీరు.

ఓబులమ్మ రెండు బావుల నీళ్ళూ ఇంటికి తెచ్చి, రెండు కుండల్లో పొయ్యి మీద పెట్టింది. చేటలోని కందిపప్పుతో సంగతంతా చెప్పుకుంది. ఆ రోజుల్లో పప్పు ఏ నీళ్ళలోనైనా ఉడికేది. పప్పు చేటలోంచే పలికింది.

“నన్ను తిరగట్లో విసిరింది నీ మనవరాలే. నేను చెబుతాను. ఉప్పూ సున్నమూ ఎక్కువైతే మెత్తబడను. ఎంత కట్టె కాల్చినా, ఎంత తిట్టినా సరే.”

ఆ మాట వాకిట్లో మట్టి విన్నది. ఉప్పునీళ్ళు పారితే తానూ ఆ ఉప్పును తెల్లగా పైకి తేల్చి చూపిస్తానంది. ఇద్దరు సాక్షులు లేచాక తనకింకా దాపరికం ఎందుకని, నీరు తన రుచిని నాలుకకు విప్పింది.

గుట్ట బావి కుండలో పప్పు వెన్నలా ఉడికింది. వంక బావి కుండలో పొద్దు తిరిగినా పలుకు పలుకుగానే ఉంది. సుంకన్న ఒక బద్దను వేళ్ళతో నలిపి చూశాడు. నలగలేదు. కావడి ఎత్తుకుని గుట్ట వైపు నడిచాడు. వంక బావి జొన్నకు పోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. మారెక్క మడిలో మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చుని ఉల్లినారు నాటింది.

అప్పటినుంచే చౌడు పొరల మీదుగా వచ్చిన నీళ్ళు నాలుకకు ఉప్పగా తగులుతాయి. అవి పారిన నేల ఎండలో తెల్లగా మెరుస్తుంది. కందిపప్పు ఆ నీళ్ళలో ఈనాటికీ ఉడకదు.