విషం పోసినవాడి పేరు

ఒకానొక రాజ్యంలో జనం తమ పేర్లు తాము చెప్పుకోవడానికే భయపడే రోజులు వచ్చాయి. ఆ రాజ్యం మల్లెకొండ. అక్కడ దారినపోయేవాణ్ణి ఆపి "నీ పేరేమిటి నాయనా?" అని అడిగితే, వాడు చుట్టూ చూసి, జవాబు చెప్పకుండా గబగబా నడిచి వెళ్లిపోయేవాడు.

దీనికంతటికీ కారణం రాజుగారు కథ రాయడం.

మల్లెకొండను ఏలే గజకేసరి మహారాజు యుద్ధాలు గెలిచాడు, కోటలు కట్టించాడు. ఇక మిగిలింది కవి అనిపించుకోవడమే అనుకున్నాడు. ఒక పెద్ద కథ మొదలుపెట్టి, రాసింది రాసినట్టు కొలువులో చదివి వినిపించేవాడు. అందరూ వినేవారు, తల ఊపేవారు, ఇళ్లకు పోయేవారు. అంతవరకూ ఎవరికీ కష్టం లేదు.

కష్టం మొదటి అధ్యాయంలోని దొంగతో వచ్చింది. ఆ దొంగకు రాజు గుండయ్య అని పేరు పెట్టాడు. అది చదవగానే సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎందుకా నవ్వు?" అన్నాడు రాజు.

మంత్రి నాగదేవుడు లేచి చేతులు కట్టుకున్నాడు. రాజు మెప్పు కోసం ఎంత మాటైనా అనగల మనిషి ఆయన. "ప్రభూ, మన ధాన్యపు కొట్టుకు కాపలా ఉండేవాడి పేరు కూడా గుండయ్యే. మహాకవుల వాక్కు ఊరికే పోదంటారు. లోకంలో ఇన్ని పేర్లుండగా దొంగకు ఆ పేరే ఎందుకు తోచింది తమకు?"

రాజు ఆలోచనలో పడ్డాడు. ఆలోచించినకొద్దీ ఆ మాట ఆయనకు నచ్చింది. "నిజమే! ఆ పేరు నేను పెట్టలేదు. దానంతట అదే వచ్చి నా గంటం కింద కూర్చుంది. వాడిలో ఏదో లేకపోతే ఎందుకు కూర్చుంటుంది?"

ఆ మధ్యాహ్నమే గుండయ్యను చెరసాలలో వేశారు. కొట్టులో ఒక్క గింజ తగ్గలేదని అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

తరువాతి అధ్యాయంలో పసిపిల్లలను మింగే మంత్రగత్తె వచ్చింది. ఆమెకు ముత్తక్క అని పేరు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని పేరు ముత్తక్క. ఆమెను పొలిమేర దాటించేశారు. మూట నెత్తిన పెట్టుకుని ఆమె వీధి వెంట పోతుంటే, ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే తలుపులు మూసుకున్నారు.

ఇక అదే శాసనమైపోయింది. కథలో దుర్మార్గుడి పేరు సభలో వినిపించిందంటే, ఆ పేరుగల మనిషి ఎక్కడున్నా తలారి గొలుసు పట్టుకుని వెళ్లాలి.

ఊళ్లో బారసాలలు ఆగిపోయాయి. పసివాళ్లకు పేరు పెట్టడానికి తల్లులకు నోరు రాలేదు. సంతలో "ఓయ్" అంటే నలుగురు తిరిగి చూసేవారు, పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఒక్కడూ తిరిగేవాడు కాదు. ఇంటికి చుట్టం వస్తే గుమ్మంలోంచి "వారొచ్చారు" అనేవారు. ఏ వారో లోపలికి వచ్చాక చూసుకోవడమే.

ఆ కొలువులో మాచన అనే చతురుడు ఉండేవాడు. మాటకు మాట చెప్పి సభను నవ్వించడం ఆయన పని. ఈమధ్య ఆయనకూ నోరు పెగలడం లేదు. స్తంభం చాటున ఒదిగి కూర్చుని, కొలువు ముగియగానే ఇంటికి పోతున్నాడు.

ఒకనాడు రాజు సింహాసనం మీంచి కేక వేశాడు. "మాచనా! ఎక్కడ దాక్కున్నావు?"

తన పేరు తన చెవిన పడగానే మాచనకు గుండె జారిపోయింది. లేచి దండం పెట్టాడు.

"నా కథ చివరికొచ్చింది. అందులోని ధర్మసేన మహారాజుకు పాలల్లో విషం పోసే ద్రోహి రావాలి. వాడికి తగిన పేరు ఎంతకూ తోచడం లేదు. పేరంటే వేలికి ఉంగరంలా కుదరాలి కదా! మాటలతో ఆడుకునేవాడివి, నువ్వు చెప్పు."

"ఆ ద్రోహికి శిక్ష ఏమిటి ప్రభూ, కథలో?"

"కథలోనైనా బయటైనా రాజద్రోహికి ఒకటే శిక్ష. ఏనుగు కాలు." రాజు మీసం సవరించుకున్నాడు. "రేపు కొలువు వేళకు పేరు కావాలి. నీకు తోచకపోతే బెంగలేదు. మాచన అన్న పేరు కూడా వినడానికి బాగానే ఉంది."

మాచన ఇల్లు చేరేసరికి అరుగు మీద, వీధిలో, జనం నిండిపోయి ఉన్నారు. ఒక తల్లి వచ్చి కాళ్ల మీద పడింది.

"అయ్యా, మా అబ్బాయి పేరు మాత్రం వద్దు."

"ఏ పేరు తల్లీ?"

"చెప్పను బాబూ. చెబితే మీ మనసులో పడిపోతుంది. చెప్పకుండానే అడుగుతున్నా, ఆ పేరు వద్దు!"

అందరిదీ అదే వరస. పేరు చెప్పరు, వద్దని మాత్రం ఏడుస్తారు. పొద్దు వాలుతుండగా మంత్రి నాగదేవుడి పల్లకి వచ్చి ఆగింది. జనం చెదిరిపోయారు. మంత్రి పల్లకి దిగలేదు, తెర కొద్దిగా తొలగించాడు.

"మాచనా, ద్రోహికి వీరమల్లు అన్న పేరు అతికినట్టు సరిపోతుంది. ఆలోచించుకో."

వీరమల్లు సేనాపతి. మంత్రికి కంట్లో నలుసు.

"అలా చెబితే నీ తల నిలుస్తుంది. లేకపోతే, రాజుగారు అననే అన్నారుగా, నీ పేరూ బాగానే ఉందని." తెర మూసుకుంది. పల్లకి కదిలిపోయింది.

మాచన భార్య సూరమ్మ తలుపు వెనక నిలబడి అంతా విన్నది. "ఏమండీ, ఈ ఊరొద్దు, ఈ కొలువొద్దు. ఇప్పుడే ఎటైనా వెళ్లిపోదాం."

"పారిపోతే రేపు సభలో చదివేది నా పేరే సూరమ్మా. పొలిమేర దాటేలోగా పట్టుకుంటారు. మనం దాటినా, నీ పుట్టింటివాళ్లు ఇక్కడే ఉన్నారు కదా."

ఆమె విస్తరి వేసింది. ఆయన ముద్ద కలిపాడే కానీ నోటికి ఎత్తలేదు. ఏ పేరు తలుచుకున్నా ఒక ముఖం వచ్చి ఎదురుగా నిలబడుతోంది. ఒకడు పాలు పోసేవాడు, ఒకడు చిన్నప్పుడు కలిసి ఈత నేర్చినవాడు, ఒకడు నిన్నగాక మొన్న పెళ్లయినవాడు. కొత్త పేరు ఏదైనా పుట్టిద్దామంటే, రాజు దానికి ఒప్పుకోడేమో! అప్పుడు మిగిలేది తన పేరే.

ఇంతలో వాకిట్లో కర్ర చప్పుడైంది. ముడతలు పడ్డ ముసలి సాలె ఒకాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయ్యా, నా పేరు తవిటయ్య."

మాచన ఉలిక్కిపడ్డాడు. పొద్దుటినుంచీ పేరు చెప్పిన మొదటి మనిషి.

"మా అమ్మకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. నేను పుట్టగానే చేటెడు తవుడికి పొరుగావిడకు అమ్మినట్టు అమ్మి, మళ్లీ కొనుక్కుంది. అందుకే ఆ పేరు. ఆ పేరు పెట్టబట్టే బతికానని చనిపోయేదాకా చెప్పుకునేది." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "నా కళ్లు పోయాయి, మగ్గం మూలపడింది. నాకెవరూ లేరు. ఆ ద్రోహికి నా పేరు పెట్టండి. ఊళ్లో ఈ పేరు నాకు తప్ప మరెవరికీ లేదు. ఇంకో ప్రాణం పోదు."

మాచనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. "మీ అమ్మ నిన్ను బతికించుకోవడానికి పెట్టిన పేరు తాతా. దాన్ని చావుకు వాడమంటావా?"

"మరి ఇంకేం చేస్తావు నాయనా? ఒక్కడికే ఉన్న పేరు ఇంకోటి దొరుకుతుందా?"

ఒక్కడికే ఉన్న పేరు. మాచన ఆ మాట దగ్గర ఆగిపోయాడు. అలాంటి పేరు ఇంకొకటి ఉంది. అది మరెవరూ పెట్టుకోకూడదని శాసనమే ఉంది. కేసరి అన్న ముసలి బంటు ఒకడు, సగం పేరు కలిసినందుకే తనది కేశన్నగా మార్చుకోవలసి వచ్చింది.

ఆలోచన తట్టగానే మాచనకు సంతోషం కలగలేదు. ఒళ్లంతా చెమట పట్టింది.

మరునాడు సభ నిండింది. రమ్మన్నందుకు వచ్చారే కానీ ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. ద్వారం దగ్గర తలారి గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి వీధికి వెళ్లాలో అని వాడూ భయపడుతూనే ఉన్నాడు.

"పేరు దొరికిందా?" అన్నాడు రాజు.

"దొరికింది ప్రభూ. చెప్పేముందు చిన్న మనవి. తగిన పేరంటే ఎలా ఉండాలో తమ నోట వినాలని ఉంది."

రాజుకు ఆ ప్రశ్న నచ్చింది. నిటారుగా కూర్చున్నాడు. "బరువుగా ఉండాలి. వింటే గుండె ఝల్లుమనాలి. ఒకసారి విన్నవాడు మరిచిపోకూడదు. ఇంకొకడి పేరేమో అన్న అనుమానం రాకూడదు."

"ఆ పేరుగలవారు ఎవరైనా సరే, తలారి వెళ్లి పట్టుకోవలసిందేనా?"

"ఎవరైనా సరే. నా తోడబుట్టినవాడైనా సరే."

"ఈ మాటకు తిరుగు ఉండదు కదా ప్రభూ?"

"గజకేసరి మాట తప్పడం ఎప్పుడైనా విన్నావా?"

మాచన పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు. "అయితే నేను చెప్పే పని లేదు ప్రభూ. ఆ పేరు ఇప్పుడే తమరు చెప్పారు."

సభకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"బరువైన పేరు. వింటే గుండె ఝల్లుమనే పేరు. ఇంకెవరికీ లేని పేరు. పాలల్లో విషం పోసినవాడి పేరు గజకేసరి." మాచన ద్వారం వైపు తిరిగాడు. "తలారీ, పేరు సభలో వినిపించింది. ఇంకా నిలబడ్డావేం?"

తలారికి ఏం చేయాలో తెలియలేదు. కానీ ఇన్నాళ్ల అలవాటు కాళ్లలో ఉంది. ఒక అడుగు ముందుకు పడింది. చేతిలో గొలుసు గలగలమంది.

ఆ చప్పుడు రాజు ఎన్నోసార్లు విన్నాడు. తనవైపు రావడం మాత్రం అదే మొదటిసారి. చేతులు సింహాసనాన్ని గట్టిగా పట్టుకున్నాయి. వరసగా నిలబడ్డ బంట్లను చూశాడు. ఒక్కడూ కదల్లేదు. వాళ్లు కథ వినడం, తల వంచడం మాత్రమే నేర్చుకున్నారు.

"ఆగు!" రాజు గొంతు చీలిపోయింది. "అది కథలో పేరు! పేరు కలిసినంత మాత్రాన నేను ద్రోహినైపోతానా?"

ఆ మాట అన్నాక రాజు నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

మాచన నేల మీద సాగిలపడ్డాడు. "కానే కారు ప్రభూ. గుండయ్య కూడా ఆ మాటే అన్నాడు. ముత్తక్కా అదే అంది. వాళ్లకు ఆగు అనే అధికారం లేకపోయింది."

నాగదేవుడు ఉరికి వచ్చాడు. "ప్రభూ! ఈ ద్రోహిని ఇప్పుడే ఏనుగు కాలికింద..."

రాజు చెయ్యెత్తాడు. మంత్రి మాట మింగేశాడు. మాచన నుదుటి చెమట నేల మీద చుక్కలుగా పడుతోంది. తల ఎత్తే ధైర్యం లేక రాతినే చూస్తూ ఉన్నాడు.

"మాచనా," రాజు గొంతు తగ్గింది. "మరి ఆ పేర్లు వాటంతట అవే వచ్చాయి కదా. ఎందుకొచ్చాయి?"

"రోజూ వినే పేర్లే గంటం కిందికి వస్తాయి ప్రభూ. గుండయ్య రోజూ పొద్దున్నే తమకు దండం పెట్టి కొట్టు తాళం తీసేవాడు. ముత్తక్క రాజకుమారుడికి బొడ్డు కోసింది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, తమకు దగ్గరగా ఉన్నారని వచ్చాయి."

రాజు భుజాలు కదిలాయి. అది కోపమో ఏడుపో ఎవరికీ తెలియలేదు. అది నవ్వు. మెల్లగా మొదలై సభంతా మారుమోగింది.

"యుద్ధంలో కత్తి మెడ మీదికొచ్చినప్పుడు కూడా నాకింత భయం వేయలేదురా మాచనా! ఒక్క అడుగుకే ఇలా ఉంటే..." నవ్వు మధ్యలోనే ఆగింది. రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి నేలవైపు చూశాడు. "నాగదేవా, నా వాక్కుకు ఇక నువ్వు అర్థం చెప్పనక్కరలేదు. ఇంటికి వెళ్లి కూర్చో."

తన చేతి బంగారు కంకణం తీసి మాచన చేతికి తొడిగాడు. గుండయ్యను విడిచిపెట్టమన్నాడు, ముత్తక్క కోసం పల్లకి పంపమన్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి నొసలు చిట్లించాడు. "అంతా బాగానే ఉంది. నా ద్రోహికి పేరేదీ?"

"ఏ తల్లీ ఉయ్యాలలో బిడ్డను పిలవని పేరు పెట్టండి ప్రభూ. క్షీరవిషుడు."

"క్షీరవిషుడు," అని రాజు నోట్లో తిప్పి చూసుకున్నాడు. "భలే! కుదిరింది!"

ఈసారి సభంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు తలారి.

ఆ సాయంత్రమే చెరసాల తలుపు తెరిచారు. కాపలావాడు చీకటి గదిలోకి తొంగి చూసి "గుండయ్యా, బయటికి రా" అని పిలిచాడు. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. లోపల ఎవరో గోడవైపు ఇంకా ముడుచుకున్న చప్పుడు. ఆ పేరు వినబడితే ఏం జరుగుతుందో లోపలివాడికి బాగా తెలుసు. చంపడానికే పిలుస్తున్నారని అనుకున్నాడు.

బయట అతని భార్య చెన్నమ్మ నిలబడి ఉంది. ఆ కాలంలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తరిగిపోతుందని నమ్మకం. పెళ్లినాడు గడప దగ్గర ఆడపడుచులు అడ్డుపడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నా, ఆమె పెదవి కదపలేదు.

చెన్నమ్మ కాపలావాణ్ణి పక్కకు జరగమని, తలుపు దగ్గరికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మళ్లీ వదిలేసింది.

"గుండయ్యా," అని వీధంతా వినిపించేలా పిలిచింది. "గుండయ్యా, నేను. రా, ఇంటికి పోదాం."