గవరయ్య ఎక్కిళ్ళు

తూముపాలెంలో గవరయ్య కుటుంబానికున్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట ఏడూళ్ళవాళ్ళు అనలేదు, గవరయ్యే అన్నాడు. అన్నయ్య అన్నాడు కాబట్టి తమ్ముళ్ళు చిట్టెయ్య, బంగారయ్య ఔనన్నారు. మొగుడూ మరుదులూ అంతలా అంటుంటే ఇంకేముంది, పైడమ్మ కూడా నమ్మేసింది. సలహా కోసం మాత్రం ఎవరూ ఆ గడప తొక్కేవారు కాదు.

"మన తెలివి అరిగిపోతుందేమోనని పాపం మొహమాటపడుతున్నారే" అని ఊరి మీద జాలిపడేవాడు గవరయ్య.

ఒకరోజు ఆయన పది మిరపకాయ బజ్జీలు నమలకుండా మింగాడు. అంతే, "ఎక్" అన్నాడు. ఇంకోసారి "ఎక్" అన్నాడు. ఆ అనడం మూడు రోజులైనా ఆగలేదు. ముద్ద నోట్లో పెడితే ఎక్కిలి దాన్ని ఎదురుగోడకి కొడుతోంది. దుంగలాంటి మనిషి పుల్లలా అయిపోయాడు. పైడమ్మ తిండి మానేసి పక్కన కూర్చుంది.

పక్కింటి సోలమ్మవ్వ వచ్చి చూసింది. "ఎవరో తలుచుకుంటున్నారు నాయనా. వాళ్ళు మానితే ఇదీ మానుతుంది" అంది.

ఇంకేముంది, తమ్ముళ్ళిద్దరూ ఖాళీ డబ్బా మోగిస్తూ వీధివీధీ తిరిగారు. "మా అన్నయ్య గవరయ్యని ఎవరూ తలుచుకోకూడదహో!"

అప్పటిదాకా గవరయ్య అనేవాడొకడున్నాడన్న సంగతే పట్టని ఊరు, ఆ క్షణం నుంచి పనులు మానేసి అతన్నే తలుచుకుంది. సాయంత్రానికి ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి.

"చూశావా అవ్వా, నువ్వన్నది అక్షరాలా నిజం!" అని మెచ్చుకున్నాడు చిట్టెయ్య.

అవ్వ తల పట్టుకుంది. "పోనీ, ఊపిరి బిగబట్టించండ్రా."

"ఊపిరి ఎక్కడుంటుందన్నయ్యా?" అన్నాడు బంగారయ్య.

"పొట్టలో. పైకీ కిందకీ కదులుతోంది, కనిపించడం లేదూ?" అన్నాడు చిట్టెయ్య.

అంతే. ఎద్దుల పలుపుతాడు తెచ్చి అన్నయ్య పొట్టకి చుట్టారు. చెరో కొసా పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి బిగించారు. గవరయ్య కళ్ళు బయటికొచ్చాయి, నాలుక బయటికొచ్చింది. ఎక్కిళ్ళు మాత్రం మర్యాదగా లోపలే ఉన్నాయి.

లాభం లేదని పొరుగూరి నుంచి వైద్యుడు ఆచారిగారిని పిలుచుకొచ్చారు. ఆయన నాడి చూసి, తమ్ముళ్ళని పక్కకి తీసుకెళ్ళాడు. "ఉన్నట్టుండి ఝడిపించాలయ్యా. ముందుగా ఆయనకి తెలియకూడదు సుమా. ఏముంది, ఇల్లంటుకుందని చెప్పండి, చాలు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముళ్ళిద్దరూ దొడ్లో చతికిలబడ్డారు.

"అంటుకోలేదు కదరా!" అన్నాడు చిట్టెయ్య. "అంటుకుందని ఎలా చెప్పడం? మన ఇంటావంటా అబద్ధం లేదు."

"మీ అన్నయ్య ప్రాణం కంటే ఎక్కువా? ఒక్క అబద్ధం ఆడండయ్యా" అని కళ్ళొత్తుకుంది పైడమ్మ.

"తప్పొదినా" అన్నాడు చిట్టెయ్య. "ముందు అంటించేద్దాం. తర్వాత చెబుదాం. అప్పుడది నిజమే అవుతుంది."

పైడమ్మకి ఏడుపు ఆగిపోయింది. ఇంత తెలివైన మరిది ఎవరికుంటాడు! పొయ్యిలోంచి కొరివి తీసి తనే ఇచ్చింది. ఈ సందట్లో దొంగలు పడతారేమోనని తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. జాగ్రత్త గల ఇల్లాలు మరి.

దొడ్డివైపు చూరుకి కొరివి అంటించి, వాకిట్లో మంచం మీదున్న గవరయ్య దగ్గరికి ముగ్గురూ వచ్చారు.

"అన్నయ్యా, నీకో సంగతి ముందుగా తెలియకూడదట. అందుకని ఇప్పుడు చెబుతున్నాం. ఇల్లంటుకుంది" అన్నాడు చిట్టెయ్య.

"ఎవరి... ఎక్... ఇల్లు?"

"మనదే."

తాటాకు కప్పు భగ్గుమంది. గవరయ్య నోరు తెరుచుకుంది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. ఎక్కిలి రాలేదు. ఇంకాసేపు చూశారు. అయినా రాలేదు!

"ఆగిపోయాయి!" అని ముగ్గురూ గంతులేశారు. అంతలో ఊరు ఊరంతా బిందెలతో పరుగెత్తుకొచ్చింది. చిట్టెయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి! మందు పడగానే నీళ్ళు పడకూడదు!"

ఇంకేముంది, మందు పూర్తిగా పనిచేసింది. మట్టిగోడలు నాలుగూ మిగిలాయి.

సోలమ్మవ్వ గంజి కాచి తెచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటి గుక్క కడుపులోకి దిగేసరికి గవరయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవ్వ అది ఇంటి మీద బెంగ అనుకుని వీపు నిమిరింది.

"దిగులుపడకు నాయనా. పోయినవన్నీ మళ్ళీ వస్తాయి."

గవరయ్య చేతిలో గిన్నె ఆగిపోయింది. "అన్నీనా?"

"అన్నీ నాయనా. ఊరుంది కదా, చూసుకుంటుంది."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరివాళ్ళు వెదుళ్ళూ తాటాకులూ బండికెత్తుకుని, కొత్త కప్పు వేద్దామని వచ్చారు. గోడల ముందు నలుగురూ కర్రలు పుచ్చుకుని నిలబడి ఉన్నారు.

"బండి వెనక్కి తిప్పండి!" అన్నాడు గవరయ్య. "పోయినవన్నీ వస్తాయని అవ్వ చెప్పింది. ఇల్లొస్తే దాని వెనకాలే ఎక్కిళ్ళూ వస్తాయి. మేం అంత అమాయకుల్లా కనిపిస్తున్నామా?"

ఎవరెంత చెప్పినా వినలేదు. బండి తిరిగిపోయింది.

ఆ వారమే ముసురు పట్టింది. గోడల మధ్య నలుగురూ ఒక చాప నెత్తిన కప్పుకుని, ఒకరికొకరు ఒదిగి కూర్చున్నారు. ఉన్నట్టుండి గవరయ్య ఛాతీ ఎగిరింది, నోరు తెరుచుకుంది. పైడమ్మ చప్పున మొగుడి చెయ్యి పట్టుకుంది.

"హాఛ్!"

చిట్టెయ్య చెవి ఒగ్గి విన్నాడు. విని, మొహం విప్పార్చుకున్నాడు.

"భయం లేదొదినా, తుమ్మే!"

ఇంకేముంది, నలుగురూ హమ్మయ్య అనుకుని, వానలోకి హాయిగా కాళ్ళు చాపుకున్నారు.