పై మెట్టు మీద పైడమ్మ

డాక్టర్ పేరిందేవి గారిని ప్రశ్న అడగాలంటే ముందు కాళ్ళకి చెప్పులు తొడుక్కోవాలని ఆ ఆసుపత్రిలో పీజీ పిల్లలు చెప్పుకునేవారు. ఆవిడ కూర్చుని జవాబు చెప్పిన పాపాన పోలేదు. ప్రశ్న వినగానే లేచి "పద" అనేవారు. ఎక్కడికో తీసుకెళ్ళి, ఏదో చూపించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ తన పనిలో పడేవారు. అర్థమైతే సరేసరి, కాకపోతే ఇంకోసారి నడక.

ఆ రోజు నడక హిమజ వంతు. బాగా చదువుకునే పిల్లే గాని కోపం ముక్కుమీద ఉంటుంది. పొద్దున రౌండ్లలో నూకాలనే పేషెంటుని నలుగురి ముందూ కడిగేసి వచ్చింది. నూకాలుకి వాళ్ళక్క పైడమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని తరిమెయ్యకుండా, ఒంటి కాపలాని అణిచిపెట్టే బిళ్ళలు నూకాలు రోజూ మింగాలి. అంతా కుదుటపడిందనుకునేసరికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంది. మొదట్లో ల్యాబులో ఆ బాక్టీరియా మందు తగిలితే చాలు, చచ్చేది. మందిచ్చారు, తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చారు. ఈసారి చూస్తే అదే బాక్టీరియా, అదే మందు, దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకాస్త పైకి పాకిందంటే అక్క ఇచ్చిన కిడ్నీ దక్కదు.

"ఇంటి దగ్గర ఇన్‌ఫెక్షన్ మందు ఎగ్గొట్టావు. లేకపోతే ఇలా ఎందుకవుతుంది?" అని హిమజ కేకలేసింది. ఎగ్గొట్టలేదని నూకాలు ఒక్కసారే చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తిరిగి పడుకోవడం హిమజని అప్పట్నుంచీ పీకుతూనే ఉంది. మధ్యాహ్నం పేరిందేవి గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

"మేడమ్, మందు సరిగ్గా వేసుకున్న మనిషిలో కూడా బాక్టీరియా ఇంత మొండికెత్తుతుందా? ఇదే మందుతో మిగతావాళ్ళంతా శుభ్రంగా నయమై ఇళ్ళకి పోయారు."

"పద," అన్నారావిడ.

వార్డు వెనక మెట్లున్నాయి. పేషెంట్లకి తోడుగా వచ్చిన ఆడవాళ్ళు అన్నాలయ్యాక అక్కడ చేరతారు. మెట్టుకొకరు కూర్చుంటారు. వెనకావిడ ముందావిడ తలలో పేలు చూస్తుంది, ఆ ముందావిడ తన ముందున్న తల చూస్తుంది. చేతులు పేలమీదా, నోళ్ళు ఊరి కబుర్లమీదా ఉంటాయి. ఆవేళ మాత్రం అక్కడ తగువు నడుస్తోంది. పేలమందు సీసా పట్టుకుని ఫిలోమినా సిస్టర్ నిలబడి ఉంది.

"అందరికీ ఒకే మందు పోశాను. అందరి తలలూ బాగుపడ్డాయి. నీకు రెండోసారి పోసినా పోలేదు. సరిగ్గా రాసుకుంటే ఎందుకు పోవు?"

పై మెట్టు మీద పైడమ్మ కళ్ళొత్తుకుంది. "కళ్ళు మండిపోయేదాకా రాసుకున్నానమ్మా. నానెందుకు అబద్దమాడతాను?"

పొద్దున తన నోట వచ్చిన మాటే సిస్టర్ నోట వినబడేసరికి హిమజకి తల కొట్టేసినట్టయింది.

పేరిందేవి గారు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లెక్కారు. "పేలు చూడ్డంలో ఇక్కడెవరి చెయ్యి మంచిది?"

"మా పైడమ్మదే," అన్నారంతా. "ఈపి కూడా తప్పించుకోదు. అందుకే పై మెట్టు మీద కూకోబెడతాం."

"మరి ఆవిడ తల ఎవరు చూస్తున్నారు?"

అందరూ పైడమ్మ వెనక్కి చూశారు. పై మెట్టుకి వెనక మెట్టే లేదు. ముందుగా పైడమ్మే ఫక్కున నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు.

"మందుకి చావని మొండివి ఏ తలలోనైనా రెండో మూడో ఉంటాయి," అన్నారు పేరిందేవి గారు, ఎవరితోనూ కాదన్నట్టు. "కింది మెట్లమీద వాటిని వేళ్ళు ఏరేశాయి."

మిగతాది హిమజకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఏరేవాళ్ళు లేని తలలో ఆ మొండివే మిగిలి పిల్లల్ని పెట్టాయి. రెండో సీసాకి ఎదురు నిలబడింది వాటి సంతానమే. ఊరుకుంటే అవే మెట్లు దిగి అందరి తలలూ ఎక్కుతాయి. తప్పు రాసుకున్న మనిషిది కాదు. నూకాలు ఒంట్లోనూ అంతే, మందుకి చావని మొండివాటిని ఏరెయ్యాల్సిన కాపలాని బిళ్ళలు అణిచిపెట్టాయి.

పేరిందేవి గారు హిమజ చేతికి పేలదువ్వెన ఇచ్చి, పైడమ్మ వెనకున్న వార్డు గడపమీద కూర్చోబెట్టారు. హిమజకి ఒక్క పేనూ దొరకలేదు. "నరం దొరుకుతాది గాని పేను దొరకదేటమ్మా మీకు?" అని ఆడవాళ్ళు ఏడిపించారు. అందులో ఒకావిడ చొరవగా హిమజ వెనక చేరి, జడ విప్పి, నిమిషంలో ఒకదాన్ని పట్టి గోటిమీద పెట్టి చూపించింది. హాస్టల్ పేను. మెట్లన్నీ గొల్లుమన్నాయి. హిమజకి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి, నవ్వే గెలిచింది.

అక్కణ్ణించి నేరుగా నూకాలు మంచం దగ్గరికి వెళ్ళింది. "తప్పు నాదే నూకాలూ. నువ్వు మందు మానలేదు," అంది. నూకాలు గోడవైపు నుంచి ఇటు తిరిగింది. కిడ్నీ డాక్టర్లతో మాట్లాడి, కాపలాని అణిచే బిళ్ళల మోతాదు జాగ్రత్తగా కాస్త తగ్గించారు. కిడ్నీ పెట్టినప్పుడు వేసిన మూత్రపు గొట్టం బాక్టీరియా దాక్కోవడానికి చోటిచ్చింది, దాన్నీ తీసేశారు. వేరే మందు ఎక్కించారు. కొన్నాళ్ళు గడిచాక ల్యాబు వాళ్ళు ఎంత వెతికినా బాక్టీరియా కనబడలేదు. అక్క కిడ్నీ దక్కింది. ఇంటికెళ్ళే రోజు నూకాలు అక్కని ముందు కూర్చోబెట్టుకుని తీరిగ్గా తల చూస్తుంటే, హిమజకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

ఆ సంతోషంలోనే చిన్న ఉక్రోషం కూడా ఉంది. పేరిందేవి గారితో చెప్పేసింది. "అందరూ ఆ కొత్త మందునే పొగుడుతున్నారు మేడమ్. ఒంటి కాపలా ఊసే లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

"పొగడనీ. పేలు చూసిన చేతికి ఎప్పుడైనా పేరొచ్చిందా?"