గొంగడి తిన్న చుట్టాలు

ఓదెలు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ఓదెలే చెబుతాడు, భార్య కొమురవ్వ తలూపుతుంది, కొడుకు ఎల్లేశు చప్పట్లు కొడతాడు. వానకు ఉన్ని తడుస్తుందని గొర్రెలకు ఉన్ని కత్తిరించి, దాన్ని ఇంట్లో దాచి, గొర్రెలను వానలో వదిలిన ఘనులు మరి!

ఎల్లేశుకు పెళ్ళి కుదిరింది. ఓదెలు ఇంట్లో తాత ఉన్నితో నేసిన నల్ల గొంగడి ఒకటుంది. పెళ్ళిజంట దాని మీద కూర్చుంటేనే తలంబ్రాలు. పిల్ల తండ్రి అయిలయ్య ముందే తేల్చేశాడు: "బావా, గొంగడి లేకుంటే పెండ్లి లేదు."

ఓదెలు గొంగడి దాచిన సందూకు పెట్టె తెరిచాడు. గుప్పున చిన్న చిన్న రెక్కపురుగులు లేచాయి. గొంగడికి ఓ మూలంతా బొక్కలు. బొక్కల అంచున సన్నని పురుగులు పాకుతున్నాయి.

"ఒక్కగానొక్క కొడుకు, వాని పెండ్లి ఆగమాయె!" అని కొమురవ్వ గుండె బాదుకుంది. ఓదెలుకూ ఏడుపాగలేదు. పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు ఓపికగా చెప్పాడు. "ఇవన్నీ ఒక కుటుంబం, ఓదెలూ. ఎగిరేవి పెద్దవి, అవి ఏమీ తినవు. పాకే పిల్లలే ఉన్ని తింటాయి. కొన్ని ఆ ఉన్నిపోగులతోనే గూడు అల్లి ఒంటికి కప్పుకుంటాయి. ఈ కుటుంబంలోనే ధాన్యం తినేవీ, కుక్కగొడుగులు తినేవీ ఉన్నాయి. గొంగడిని ఎండలో పరిచి, దులిపి, వేపాకు వేసి మూట కట్టు."

ఓదెలు మనసు ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది. ఉన్ని కప్పుకుంటాయా? గొర్రెలు కాసే తమవాళ్ళు కాక ఉన్ని కప్పుకునేదెవరు? అంతే, ఇంటికొచ్చి కేకేశాడు.

"కొమురీ! గియ్యి పురుగులు గావే, మన సుట్టాలు! వడ్లు తినేటోళ్ళు వేరే, ఉన్ని కప్పుకునేటోళ్ళు మాత్రం మనోళ్ళే!"

కొమురవ్వ కళ్ళు తుడుచుకుంది. "పాపం, పెండ్లికి ముందుగాల్నే వచ్చిన్రు!"

అయినా డాక్టరు మాట కాదనకూడదు. గొంగడిని ఎండలో పరిచారు. చుట్టాలకు ఎండ తగలకుండా పైన పందిరి వేశారు. దులపమన్నాడు కనుక పురుగులన్నిటినీ ఏరి చాటలో కూర్చోబెట్టి, గొంగడి దులిపి, ఎక్కడివాళ్ళను అక్కడే దించారు. వేపాకు పసిపిల్లలకు చేదని కొమురవ్వ బెల్లం పూసింది. ఇంకేముంది, చీమలు బారులు తీరాయి. ఎల్లేశు గుమ్మంలోనే ఆపాడు.

"మీరెవ్వరు? మీ గొంగళ్ళేవి?"

ఒక్క చీమకూ గొంగడి లేదు. తరిమేశాడు.

ఇక ఓదెలుకు కొత్త బెంగ పట్టుకుంది. చుట్టాల్లో పెద్దవాళ్ళు ఏమీ తినడంలేదే! పెళ్ళింట్లో తినలేదంటే అలిగినట్టే. అలిగిన చుట్టాలుంటే పెళ్ళి సాగుతుందా? రెక్కపురుగుల ముందు పాయసం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయితే కాళ్ళు మొక్కుత, ఒక్క ముద్ద తినున్రి!"

అవి మూలకు ఎగిరిపోయాయి.

"పిల్లలకు కడుపు నిండినంక పెద్దోళ్ళు తింటరేమో," అంది కొమురవ్వ. నిజమే! పిల్లలను పట్టుకెళ్ళి, గొంగడిలో బొక్క పడని నడిమి మడతలో దించి సందూకు మూశారు.

పెళ్ళిరోజు వచ్చింది. అందరి ముందూ సందూకు తెరిస్తే నాలుగు పోగులు మిగిలాయి. గది నిండా రెక్కపురుగులు. అయిలయ్య ముఖం మాడిపోయింది.

"గొంగడేది బావా?"

కొడుకు పెళ్ళి కళ్ళముందే పోయేలా ఉంది. కానీ ఓదెలు తెలివి ఊరుకుంటుందా? "గొంగడి యాడికి పోలె బావా! పిల్లల కడుపులకు పోయింది, పిల్లలకు రెక్కలొచ్చినయి. అగో, అటక మీదికి ఎగిరింది!"

అయిలయ్య గడ్డం నిమురుకుంటూ పైకి చూశాడు.

"గట్లనా! మరి జల్ది నిచ్చెన తెండ్రి, ముహూర్తం దాటిపోతది!"

అంతే, వధూవరులను అటక ఎక్కించారు. పురుగు వాలిన చోటల్లా కూర్చోబెడుతూ తలంబ్రాలు పోయించారు. తర్వాత పెద్దలంతా కిందికి దిగి, గొంగడి మళ్ళీ కిందికి దిగకుండా నిచ్చెన తీసేసి, తలుపు గొళ్ళెం పెట్టి, అందరూ కలిసి కొత్త జంటను సాగనంపడానికి బస్టాండుకు వెళ్ళారు.